చెయ్యెత్తలేని నమస్కారం

తెనాలి వైకుంఠపురంలో హారతి వెలిగేసరికి వరసలో నిలబడ్డవాళ్ల చేతులన్నీ తలల మీదికి లేస్తాయి. ఆ క్షణంలో దేవుడి వైపు కాకుండా జనం వైపు చూసేవారికి ఒక సంగతి కనపడుతుంది. అన్ని చేతుల మధ్య ఎక్కడో ఒకటి గుండె దాకా వచ్చి ఆగిపోతుంది. యాభై దాటిన మనిషి. రెండో చేత్తో దాన్ని మోచేతి కింద ఆనించి, పళ్లు బిగించి, ఉన్నంతలో దణ్ణం పెట్టుకుని, పక్కవాళ్ల తోపు తగలకుండా ఒదిగి బయటికి నడుస్తారు. ఇది వైకుంఠపురం ఒక్కచోటే కాదు, ఏ గుడిలోనైనా కనిపించే దృశ్యమే.

జనం నోట్లో దీని పేరు "జబ్బ పట్టేసింది", "రెక్క లేవడం లేదు". ఎముకల డాక్టరు చీటీ మీద అదే ఫ్రోజెన్ షోల్డర్. మొదట రాత్రిపూట వస్తుంది. ఆ పక్కకు తిరిగి పడుకోవడం కుదరదు. తర్వాత జాకెట్టు హుక్కులు, జడ, బనీను, ప్యాంటు వెనక జేబులో పర్సు, వంటింట్లో పై అరలో డబ్బా ఒక్కొక్కటే చేతికి అందకుండా పోతాయి. ఎడమ చెయ్యి అయితే ముందు గుండె గురించి భయం. ఈసీజీ బాగానే ఉందని తేలాక ఆ భయం పోయి, దాని స్థానంలో ఒక ప్రశ్న వచ్చి కూర్చుంటుంది. "ఏ జన్మలో ఎవరి మీద చెయ్యి చేసుకున్నానో!"

వెనకాలే రెండో ప్రశ్న. ఇది నేను కష్టపడితే తగ్గుతుందా, తగ్గే రోజు వచ్చినప్పుడు దానంతటదే తగ్గుతుందా? ఆసుపత్రి బల్ల మీద అడిగినా ఇది వైద్యానికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. మన శాస్త్రాలు దైవం, పురుషకారం అని పేరుపెట్టి శతాబ్దాల తరబడి వాదించుకున్న ప్రశ్న. ఈ వాదాన్ని పరీక్షించడానికి బిగుసుకుపోయిన భుజం కంటే అనువైన జబ్బు మరొకటి దొరకదు. ఎందుకంటే ఇది మనిషి ప్రయత్నానికి కొంత లొంగుతుంది, కాలానికి కొంత లొంగుతుంది, ఏ ఒక్కదానికీ పూర్తిగా లొంగదు.

తెనాలి జంక్షన్ నుంచి ఒక లైను బాపట్ల మీదుగా చెన్నై వెళుతుంది. ఇంకొకటి వేమూరు, భట్టిప్రోలు దాటి రేపల్లెలో ఆగిపోతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది, బాపట్ల, రేపల్లె రెండూ బాపట్ల జిల్లాకు వెళ్లాయి. ఈ రెండు లైన్ల చుట్టుపక్కల, పై ప్రశ్నకు మనిషి ఇవ్వగలిగిన జవాబులన్నీ పుట్టి పెరిగాయి. తెనాలిలో త్రిపురనేని రామస్వామి చౌదరి సూతాశ్రమం కట్టుకుని పురాణాలను నిలదీశారు. పురపాలక అధ్యక్షుడిగా ఊరిని నడిపారు. తర్వాతి తరంలో న్యాయవాది ఆవుల గోపాలకృష్ణమూర్తి అక్కడే హేతువాదాన్ని, మానవవాదాన్ని బోధించారు. బాపట్లకు ఆ పేరు భావనారాయణస్వామి వల్ల, భావపురి అన్న మాట నుంచి వచ్చింది. ఆ ఊరికి దగ్గరలోని జిల్లెళ్లమూడిలో అమ్మగా పేరుపొందిన అనసూయాదేవి ఉండేవారు. భట్టిప్రోలులో బౌద్ధ స్తూపం ఉంది. అక్కడ 1892లో అలెగ్జాండర్ రే జరిపిన తవ్వకాల్లో ధాతువుల పేటికలు, వాటి మీద బ్రాహ్మీ శాసనాలు బయటపడ్డాయి.

ఈ జవాబులను బేరీజు వేసే ముందు, భుజంలో అసలేం జరుగుతుందో చూడాలి.

ఒంట్లో ఉన్న కీళ్లన్నిటిలోకీ ఎక్కువ తిరిగేది భుజమే. చిన్న పళ్లెం మీద పెద్ద నిమ్మకాయ నిలబెట్టినట్టుంటుంది దాని అమరిక. ఆ నిమ్మకాయ జారిపోకుండా చుట్టూ ఒక పలచని సంచి ఉంటుంది. మామూలు భుజంలో ఆ సంచికి 15 నుంచి 30 మిల్లీలీటర్ల ద్రవం పట్టేంత వదులు ఉంటుంది. జబ్బు పట్టేసినప్పుడు ఆ సంచి వాచి, మందమెక్కి, ముడుచుకుని, 10 మిల్లీలీటర్లు కూడా పట్టనంత బిగిసిపోతుంది. చెయ్యి బయటి వైపుకు తిప్పడం అన్నిటికంటే ముందు పోతుంది. రోగి తనంతట తాను ఎత్తినా లేవదు, డాక్టరు పట్టుకుని ఎత్తినా లేవదు. కండరం తెగిన భుజానికీ దీనికీ ఉన్న పెద్ద తేడా అదే. ఎక్స్‌రేలో చాలామందికి ఏమీ కనపడదు. అరుగుదల, కీలు జారడం లాంటివి లేవని తేల్చుకోవడానికే దాన్ని తీస్తారు.

దీనికి మూడు దశలు. నొప్పి పెరుగుతూ చెయ్యి బిగిసే దశ కొన్ని నెలలు నడుస్తుంది. నొప్పి కాస్త సద్దుమణిగి బిగుతు మాత్రం మిగిలే దశ మరికొన్ని నెలలు. ఆ తర్వాత నెమ్మదిగా వదులయ్యే దశ. అంతా కలిపి ఏడాది నుంచి మూడేళ్లు, కొందరికి అంతకంటే ఎక్కువ. 40 నుంచి 60 ఏళ్ల మధ్య వస్తుంది, ఆడవాళ్లకు ఎక్కువ. జపాన్‌లో దీన్ని "యాభయ్యేళ్ల భుజం" అనే పిలుస్తారు. సుశ్రుతుడి నిదానస్థానంలో అవబాహుకం అనే వాతవ్యాధి ఉంది. భుజంలో చేరిన వాతం అక్కడి బంధాలను ఎండగట్టి, సిరలను ముడుచుకునేలా చేస్తుందని దాని వర్ణన. రెండూ ఒకటేనని ముద్ర వేయడం తొందరపాటే అవుతుంది గానీ, ఎండి ముడుచుకుపోవడం అన్న మాట శస్త్రచికిత్స గదిలో కనపడే దృశ్యానికి దూరంగా లేదు.

ఫ్రోజెన్ షోల్డర్ అన్న పేరు పెట్టినవాడు బోస్టన్ నగరపు శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ ఎమరీ కాడ్‌మన్. 1934లో అచ్చయిన భుజం పుస్తకంలో, దీన్ని నిర్వచించడమూ వివరించడమూ నయం చేయడమూ మూడూ కష్టమేనని ఒప్పుకున్నాడు. అంతకు ముందు 1872లో ఫ్రాన్స్‌లో డుప్లే దీన్ని గుర్తించాడు. తర్వాత 1945లో నెవియాసర్ సంచి అతుక్కుపోవడం గురించి రాశాడు. అయినా నిలిచింది కాడ్‌మన్ పెట్టిన పేరే.

కాడ్‌మన్ జీవితం ఈ వ్యాసానికి రెండు విధాల పనికొస్తుంది. ఎంత మొండి భుజమైనా, వైద్యం చేసినా చేయకపోయినా రెండేళ్లకు బాగవుతుందని ఆయన నమ్మకం. పచ్చిగా చెప్పాలంటే అది దైవవాదమే. మరోపక్క అదే మనిషి, ఆసుపత్రిలో చేరిన ప్రతి రోగినీ ఇంటికి పంపాక కూడా వెంటబడి చూడాలని, చికిత్స ఫలించిందా లేదా, లేకపోతే ఎందుకు లేదన్నది రాసిపెట్టాలని పట్టుబట్టాడు. దానికి అంత్యఫలం అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆ లెక్కలు తోటి వైద్యులకు గిట్టలేదు. 1914లో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లోని ఉద్యోగం వదులుకున్నాడు. సొంత ఆసుపత్రిలో తన తప్పులు తానే లెక్కగట్టి అచ్చు వేయించాడు. 1940లో పోయినప్పుడు సమాధి మీద రాయి కూడా లేదు. ఆ రాయి 2014లో గానీ పడలేదు.

ఫలం చూడాలన్న ఆయన పట్టుదలే, తర్వాతి రోజుల్లో ఆయన నమ్మకాన్ని పరీక్షకు నిలబెట్టింది. 1992లో అచ్చయిన ఒక అధ్యయనంలో, శస్త్రచికిత్స కాకుండా ఇతర చికిత్స పొందిన రోగులను సగటున 7 ఏళ్ల తర్వాత మళ్లీ పిలిచి చూశారు. సగం మందికి ఇంకా కొద్దిపాటి నొప్పో బిగుతో మిగిలే ఉంది. కాలమే అంతా చూసుకుంటుందన్న మాట సగమే నిలిచింది.

అలాగని అవతలి పక్షమూ గెలవలేదు. 2004లో నెదర్లాండ్స్ వైద్యులు 77 మంది రోగుల ఫలితాలు ప్రకటించారు. ఒక వర్గానికి నొప్పిని దాటి మరీ చెయ్యి వంచే గట్టి ఫిజియోథెరపీ ఇచ్చారు. రెండో వర్గానికి జబ్బు సంగతి విడమరిచి చెప్పి, నొప్పి రానంతవరకే చెయ్యి కదిలించమని, తేలికైన వ్యాయామం చేసుకుంటూ రోజువారీ పనులు ఆపవద్దని పంపేశారు. రెండేళ్లు తిరిగేసరికి, దాదాపు మామూలు భుజం వచ్చినవారు మొదటి వర్గంలో నూటికి 63 మంది, రెండో వర్గంలో 89 మంది. పట్టుబట్టి లాగినవారి కంటే మెల్లగా కదిపినవారే బాగుపడ్డారు. 2020లో లాన్సెట్ పత్రికలో వచ్చిన బ్రిటన్ అధ్యయనం 503 మందిని మూడు దారుల్లో పరీక్షించింది. మత్తిచ్చి భుజాన్ని వంచి వదులు చేయడం ఒకటి, చిన్న రంధ్రం ద్వారా సంచిని కోసి విడిపించడం ఒకటి, కీలులో స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో పాటు క్రమపద్ధతిలో ఫిజియోథెరపీ ఒకటి. ఏడాది తర్వాత ఏదీ మిగతావాటి కంటే స్పష్టంగా మిన్న అని తేలలేదు.

ఇప్పుడు బాపట్ల వైపు, అంటే భావనారాయణస్వామిని కొలిచే వైష్ణవుల వైపు చూడవచ్చు.

శ్రీవైష్ణవుల్లో వడగలై, తెంగలై వారి నడుమ ఒక పాత చర్చ ఉంది. జీవుడు తరించేది కోతిపిల్లలాగానా, పిల్లికూనలాగానా అని. కోతిపిల్ల తల్లి పొట్టను తన చేతులతో కరుచుకోవాలి. పట్టు వదిలితే కింద పడుతుంది. పిల్లికూన ఏమీ చేయదు, తల్లే మెడ దగ్గర నోట కరుచుకుని మోసుకుపోతుంది. వేదాంతదేశికుల సంప్రదాయం మొదటి దాన్ని, పిళ్లై లోకాచార్యుల సంప్రదాయం రెండో దాన్ని ఉదాహరణగా చెప్పుకుంది. ఉపమానాలు రెండూ జంతువులవే అయినా అసలు తేడా చేతుల్లో ఉందన్న విషయం పండితులు పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. భుజం పట్టేసినవారికి మాత్రం అది వెంటనే తడుతుంది. పట్టుకోవడానికే చెయ్యి లేవనివాడు కోతిపిల్ల ఎలా అవుతాడు?

ప్రవచనకారులు ఈ సందర్భంలో ద్రౌపది కథ చెబుతారు. ఒక చేత్తో చీర పట్టుకుని ఇంకో చేత్తో కృష్ణుణ్ణి పిలిచినంతసేపూ సాయం రాలేదనీ, రెండు చేతులూ వదిలి పైకెత్తాకే వచ్చిందనీ. వెంటనే గజేంద్రుణ్ణీ తీసుకొస్తారు. గజేంద్రుడి కథలో జనం మరిచిపోయే ముక్క ఒకటుంది. ఆ ఏనుగు మొదటి రోజే కాళ్లు చాపి శరణనలేదు. వెయ్యేళ్లు పెనుగులాడింది. శరణాగతిని గొప్ప చేసి చెప్పే కథ కూడా అంతకు ముందు జరిగిన పోరాటాన్ని దాటవేయలేదు.

జిల్లెళ్లమూడి అమ్మ మాట దీనికి ఇంకో మలుపు ఇస్తుంది. 1923లో మన్నవలో పుట్టిన ఆమె, మనిషికి విడిగా స్వతంత్రం లేదని, ప్రయత్నం చేయాలన్న బుద్ధిని కూడా ఆ శక్తే ఇస్తుందని అనేవారు. సాధ్యమైనదే సాధన అని కూడా చెప్పేవారు. ఈ రెండో మాటను నెదర్లాండ్స్ అధ్యయనం పక్కన పెట్టి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. నొప్పి దాకా వెళ్లు, నొప్పిని దాటకు అన్నది అక్కడి సూచన. సాధ్యమైన దాని దగ్గర సాధనను ఆపడం ఓటమి ఒప్పుకోవడమని చాలామంది అనుకుంటారు. ఈ జబ్బులో మాత్రం అదే సరైన మోతాదు.

ఇక మొదటి ప్రశ్న. ఏ పాపానికి ఇది ఫలం?

ఈ ప్రశ్న వేసేవారిలో ఎక్కువమంది శాస్త్రం తమ పక్షాన ఉందనుకుంటారు. శాస్త్రం అంత తేలిగ్గా ఒప్పుకోదు. చరకుడి విమానస్థానంలో ఆయుష్షు ముందే ఖరారైపోయిందా అన్న చర్చ వస్తుంది. అంతా ఖరారైతే మందులెందుకు, పథ్యాలెందుకు, పాములకూ ఏనుగులకూ భయపడి పక్కకు తప్పుకోవడమెందుకు అని అక్కడి వాదం. వెనకటి జన్మలో చేసింది దైవం, ఈ జన్మలో చేసేది పురుషకారం, ఏది బలమైతే అది రెండోదాన్ని అణుస్తుందని ఆయన లెక్క. రేపల్లె లైనులో భట్టిప్రోలు స్తూపం ఎవరి ధాతువుల కోసం కట్టారో ఆ బుద్ధుడు ఇంకా సూటిగా మాట్లాడాడు. సంయుత్త నికాయంలో శివకుడనే పరివ్రాజకుడు, మనిషి అనుభవించే ప్రతి నొప్పీ పూర్వకర్మ వల్లేనా అని అడుగుతాడు. బుద్ధుడు ఒప్పుకోడు. పిత్తం, కఫం, వాతం, ఆ మూడూ కలవడం, రుతువు మారడం, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, పైనుంచి తగిలిన దెబ్బ, వీటి తర్వాత ఎనిమిదోదిగా కర్మను లెక్కపెడతాడు. అన్నిటికీ కర్మే కారణమనేవారు లోకానికి తెలిసిన సత్యాన్ని దాటిపోతున్నారని అంటాడు.

ఒంటిని సరిగా చూసుకోకపోవడం అన్న కారణానికి ఇవాళ్టి పేరు షుగరు. 2023లో అచ్చయిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉంది. మధుమేహం ఉన్నవారికి భుజం పట్టేయడం మిగతావారి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వారికి వస్తే తగ్గడానికీ ఎక్కువ కాలం పడుతుంది. కొందరికి తమకు షుగరు ఉన్నట్టు ఈ భుజం వల్లే మొదటిసారి తెలుస్తుంది. థైరాయిడ్ లోపం, గుండెకో రొమ్ముకో జరిగిన ఆపరేషన్ తర్వాత చెయ్యి కదపకుండా ఉంచడం, పక్షవాతం కూడా కారణాలే. పాపాల చిట్టా తిరగేసే ముందు రక్తపరీక్ష చీటీ చూడమన్నది త్రిపురనేని వారి ఊరు నేర్పే పాఠం. చరకుణ్ణి చదివినా అదే అర్థమవుతుంది.

మహాభారతంలో చెయ్యి బిగుసుకుపోయిన పెద్ద మనిషి ఒకరున్నారు. ఇంద్రుడు. వనపర్వంలో చ్యవన మహర్షి తనకు యౌవనం తిరిగి ఇచ్చిన అశ్వినీ దేవతలకు యజ్ఞంలో సోమరసం ఇప్పించబోతాడు. ఇంద్రుడు అడ్డుపడతాడు. వాళ్లు వైద్యులు, మనుషుల మధ్య తిరిగేవాళ్లు, దేవతల సరసన కూర్చోడానికి తగరని ఆయన అభ్యంతరం. మాట వినకపోయేసరికి వజ్రాయుధం ఎత్తుతాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే స్తంభించిపోతుంది. చివరికి వైద్యులకు యజ్ఞభాగం ఇవ్వడానికి ఇంద్రుడు ఒప్పుకున్నాకే విడుదల. పాపఫలంగా చెయ్యి పట్టేసిన కథ కావాలంటే ఇది ఉంది. అయితే ఇందులో పాపం వైద్యుణ్ణి తక్కువ చూడటం.

ఆ చిన్నచూపు ఇప్పటికీ ఉంది. ఎముకల డాక్టరు మాట వేదం, ఫిజియోథెరపిస్టు అంటే "చెయ్యి ఊపించే ఆయన". పది సిట్టింగులు రాస్తే మూడో రోజుకే మానేసేవారు ఎక్కువ. వాళ్లనూ తప్పుపట్టడానికి లేదు. రెక్కాడితే గాని డొక్కాడని చోట భుజం నొప్పికి సెలవు పెట్టడం కుదరదు. నిజాంపట్నంలో వల విసిరే చెయ్యికీ, తెనాలి మార్కెట్లో నిమ్మకాయల బస్తా ఎత్తే చెయ్యికీ, చేలో నాట్లు వేసే చెయ్యికీ విశ్రాంతి అంటే కూలి పోవడమే. కాలమే నయం చేస్తుందని చెప్పడం, కాలానికి కూలి ఎవరిస్తారో చెప్పకపోతే, అన్యాయపు వేదాంతం. అందుకే మంచి ఫిజియోథెరపిస్టు మిషన్ల కంటే ఇంటి వ్యాయామాలకు ఎక్కువ సమయం ఇస్తారు.

ఆ వ్యాయామాలు చూడటానికి పిల్లల ఆటల్లా ఉంటాయి. ముందుకు వంగి, మంచి చేత్తో బల్ల పట్టుకుని, నొప్పి చెయ్యి కిందికి వేలాడేసి గడియారం లోలకంలా ఊపడం. దీనికి కాడ్‌మన్ పేరే ఉంది. గోడ ముందు నిలబడి వేళ్లను పాకించుకుంటూ పైకి పోనివ్వడం. తలుపు మీదుగా తాడు వేసి, మంచి చెయ్యి కిందికి లాగితే నొప్పి చెయ్యి పైకి లేవడం. వీపు వెనక తువాలు పట్టుకుని పైచేత్తో కింది చేతిని లాగడం. కర్ర రెండు చేతులా పట్టుకుని పక్కకు తొయ్యడం. నొప్పి భగ్గుమనే మొదటి దశలో ఇవన్నీ వద్దు. అప్పుడు నొప్పి మందు, అవసరమైతే కీలులో స్టెరాయిడ్ ఇంజెక్షన్, మెల్లని లోలకం చాలు. ఆ ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది కాబట్టి మధుమేహులు ముందే చెప్పాలి. బిగుతు మిగిలిన రెండో దశలో చికిత్సకుడు చేత్తో కీలును అటూ ఇటూ జరిపి సంచిని సాగదీస్తారు. వదులయ్యాక కండరాలకు బలం. నెలల తరబడి ఇంత చేసినా లొంగని కొద్దిమందికే మత్తిచ్చి వంచడమో ఆపరేషనో.

ఈ పనిలో మనసును తినేసేది విసుగు. ఇవాళ చేసిన దానికి ఇవాళ ఏమీ కనపడదు. రేపూ కనపడదు. భగవద్గీత ఫలం మీద హక్కు వదులుకోమన్న మాట ఫిజియోథెరపీ గదిలో ఎవరైనా ఉదహరించడం సహజం. అయితే దాన్ని చాలామంది ఫలం వైపు చూడనే వద్దన్నట్టు వాడతారు. అదే గీత పద్దెనిమిదో అధ్యాయంలో ఏ పనికైనా ఐదు కారణాలు చెప్పింది. ఆధారమైన శరీరం, చేసేవాడు, సాధనాలు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. దైవానికి అక్కడ ఒక భాగం ఉంది. మొత్తం లేదు, సున్నా కూడా కాదు. భుజం విషయంలో శరీరం అంటే ముడుచుకున్న ఆ సంచి. సాధనాలు చికిత్సకుడి చేతులు, తాడు, గోడ. చేష్టలు రోజుకు మూడు పూటలు చేసే వ్యాయామం. మిగిలింది నెలల లెక్కన నడిచే కాలం. దాన్ని ఎవరూ తొందరపెట్టలేరు.

కాడ్‌మన్ మళ్లీ గుర్తుకొచ్చేది ఇక్కడే. ఫలం నాకు రావలసిందేనని పేచీ పెట్టడం వేరు, ఫలం ఎంత వచ్చిందో కొలవడం వేరు. మొదటిది రోగిని కుంగదీస్తుంది. రెండోది లేకపోతే ఆ వ్యాయామం పనిచేస్తోందో లేదో తెలియదు, మార్చాల్సింది ఏమిటో తెలియదు. ఫిజియోథెరపిస్టులు గోనియోమీటరు అనే కోణమానినితో చెయ్యి ఎన్ని డిగ్రీలు లేచిందో కొలిచి రాస్తారు. మామూలుగా ముందుకెత్తిన చెయ్యి 180 డిగ్రీల దగ్గరికి వెళ్లాలి. హారతి వేళ గుండె దగ్గర ఆగిపోయే చెయ్యి 90 కూడా దాటలేదన్నమాట. ఆ అంకె నిష్కామకర్మకు అడ్డం రాదు. లెక్క రాసుకునే రైతు వానను శాసించడం లేదు కదా.

నొప్పి గురించి కూడా భట్టిప్రోలు బుద్ధుడు చెప్పింది పనికొస్తుంది. బాణం తగిలిన మనిషికి వెంటనే రెండో బాణం కూడా తగిలితే ఎలా ఉంటుందో, ఒంటి బాధకు మనసు బాధను కలుపుకున్నవాడి స్థితి అలా ఉంటుందన్నాడు. భుజం పట్టేసినవారికి ఈ రెండో బాణం భయం. కదిపితే ఇంకా పాడవుతుందేమోనని చెయ్యిని కడుపుకు ఆనించుకుని నెలలు గడిపేస్తారు. కదపని కీలు మరింత బిగుసుకుంటుంది. అసలు జబ్బు నెమ్మదిస్తున్నా భయం దాన్ని అక్కడే కట్టేసి ఉంచుతుంది. మొదటి బాణానికి మందు డాక్టరు దగ్గర ఉంది. రెండో దాన్ని తీయడానికి ఇది ఏ జబ్బు, ఎన్నాళ్లు ఉంటుంది, ఏ నొప్పికి భయపడాలి, ఏ నొప్పికి అక్కర్లేదు అని ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి. నెదర్లాండ్స్‌లో రెండో వర్గానికి ముందు చేసింది అదే.

గుడిలో చెయ్యి లేవనివారి సంకోచానికి కూడా సంప్రదాయంలోనే జవాబుంది. యామునాచార్యుల స్తోత్రరత్నంలో అంజలి మీద ఒక శ్లోకం ఉంది. వేదాంతదేశికులు ఆ ఒక్క శ్లోకానికే అంజలివైభవమని ప్రత్యేక గ్రంథం రాశారు. దాని సారం, ఎవరు చేసినా, ఏ వేళ చేసినా, ఏ తీరుగా చేసినా, ఒక్కసారి చేసినా అంజలి అంజలేనని. చేతులు ఎంత ఎత్తుకు లేవాలన్న నియమం అందులో లేదు. నాటక వేదికల మీద పద్యం ఎత్తుకున్న నటుడి చెయ్యి పైకి లేవకపోతే గ్యాలరీ ఊరుకోదు. రంగస్థల నటుడు స్థానం నరసింహారావు పుట్టిన బాపట్లకూ, నాటక సభలు నడిపిన తెనాలికీ ఆ సంగతి బాగా తెలుసు. గుడిలో మాత్రం అలాంటి ప్రేక్షకుడెవరూ లేరు. అక్కడ సిగ్గుపడవలసిన పని లేదు.

దైవమా, పురుషకారమా అన్న వాదంలో ఈ జబ్బు ఇచ్చే తీర్పు ఇంత మటుకు స్పష్టం. ఏళ్లు గడిచినా సగం మందికి కొద్దిపాటి నొప్పో బిగుతో మిగిలింది కాబట్టి, అంతా దైవమే చూసుకుంటుందన్న మాట నిలవలేదు. అంతా తామే చేయగలమని నొప్పిని దాటి లాగినవారు వెనకబడ్డారు. నొప్పి హద్దు దగ్గర ఆగుతూ రోజూ చేసినవారు ముందున్నారు. పూర్వజన్మ పాపమని ఎదుటివారి మొహాన అనడానికి చరకుడూ ఒప్పుకోడు, బుద్ధుడూ ఒప్పుకోడు.

ఇంట్లో ఎవరికైనా భుజం నొప్పి రాత్రిళ్లు నిద్ర లేపుతూ రెండు మూడు వారాలు దాటితే, నూనె మర్దనలతో, బలవంతంగా చెయ్యి లాగించడంతో నెలలు పోగొట్టవద్దు. ముందు షుగరు పరీక్ష చేయించండి. ఎముకల డాక్టరుకు చూపించి, ఫిజియోథెరపిస్టు దగ్గర ఇంటి వ్యాయామాలు నేర్చుకోండి. స్నానాల గది పక్క గోడ మీద వేళ్లు ఎంత ఎత్తుకు పాకాయో పెన్సిల్‌తో గీయండి. ఆదివారానికి ఒక గీత, పక్కన తేదీ.